కష్టమే లేని మగాడు

సోయిలా అన్నది "మాఫీ". ఆమె అత్తగారు ఎర్మెలిందాకి వినిపించింది "కాఫీ".

"మాఫీ రాకపోతే పదేళ్లు దేశం బయటే ఉండాలట అత్తయ్యా" అని కోడలు చెబితే, ముసలావిడ మెట్ల మీద కనబడిన ప్రతివాళ్లకీ "సర్కారువాళ్లు కాఫీ అడుగుతున్నారు, ఇవ్వకపోతే మా కోడల్ని ఈక్వెడార్ తోలేస్తారట" అని చాటింది. మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మా దేశంలో కోడిపుంజుల్ని అడిగిన ఆఫీసర్లని చూశాం, కాఫీ ఎంత? ఆదివారం మధ్యాహ్నానికల్లా క్వీన్స్ పేటలోని మా భవనంలో సగం మందిమి తలో పొట్లం పట్టుకుని వాళ్లింటికి చేరాం.

భోజనాల బల్ల దగ్గర సోయిలా మొగుడు వాషింగ్టన్ కూర్చున్నాడు. పేరులో వాషింగ్ ఉందే గాని, తన చొక్కా తాను ఉతుక్కున్న పాపాన పోలేదు. ఈ దేశంలో ఉండనిచ్చే పచ్చకార్డు చేతికి వచ్చి ఏళ్లయింది, మనిషి మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాడు. ఎదురుగా చర్చివాళ్లు పంపిన లాయరమ్మ ఇబార్రా.

"రండి రండి, కూర్చోండి! మా ఆవిడ కేసు వినిపోదురు గాని" అన్నాడు. నలుగురు చూస్తుంటే అతని మీసం అంగుళం పెరుగుతుంది.

లాయరమ్మ మళ్లీ మొదలెట్టింది. "చూడండి వాషింగ్టన్ గారూ, మీ ఆవిడ దొంగదారిన సరిహద్దు దాటి వచ్చింది. ఇక్కడే ఉంచి కార్డివ్వరు. వీసాకి ఈక్వెడార్‌లోని గుయాకిల్ వెళ్లాలి. ఊరికే వెళ్లిందా, పదేళ్ల నిషేధం. ముందు మాఫీ తెచ్చుకుని వెళ్తే త్వరగా తిరిగి రావచ్చు. ఆ మాఫీ ఆమె కష్టం చూసి ఇవ్వరు, కార్డున్న మీ కష్టం చూసి ఇస్తారు. ఆమె లేకపోతే మీకేం కష్టం?"

"కష్టమా? నాకా?" వాషింగ్టన్ పకపకా నవ్వాడు. "క్వెంకా కొండల్లో పుట్టినవాణ్ణి మేడమ్. ఆడది లేకపోతే మాకు కష్టమా? పదేళ్లు కాకపోతే ఇరవై ఏళ్లు వెళ్లమనండి!"

"ఇదే రాస్తే నిజంగానే వెళ్తుంది."

"రాయండి!"

మా వైపు మగాళ్ల జబ్బే ఇది. బయటివాళ్ల ముందు 'అబ్బా' అన్నాడంటే మగతనం రాలిపోయినట్టే. వీసా లేని పెళ్లాం, మీసమున్న మొగుడు! మీసం గొరిగేస్తే గాని వీసా దొరకదు.

సోయిలా వంటింట్లోంచి ఉడికించిన మొక్కజొన్న, కాల్చిన పంది మాంసం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మామూలు ఆదివారాల్లో పళ్లెం పెట్టేముందు అతన్ని గదిలోకి పిలిచి తలుపేసేది. మేం సరసమనుకుని దగ్గేవాళ్లం. ఈవేళ పిలవలేదు.

"తిను" అంది.

వాషింగ్టన్ చెంచా ఎత్తాడు, దించాడు. మా ఇళ్లలో ఇంటిపెద్ద మొదటి ముద్ద తినందే ఎవరూ ముట్టరు. మాంసం చల్లారిపోతోంది. అందరి కళ్లూ అతని చెంచా మీదే.

"సోయిలా, ఒక్కసారి గదిలోకి రావే..."

"ఎందుకూ? నేను లేకపోతే నీకేం కష్టం?"

"ఏమే, వాడికింకా సూది వెయ్యలేదా?" ఎర్మెలిందా కేకేసింది. చెవిటివాళ్లకి గుసగుస చేతకాదు. "షుగరు సూది పడందే వాడెలా తింటాడే? వాడికి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి, నాకేమో చేతులు వణుకుతాయి!"

మేమంతా మా కాఫీ పొట్లాల మీది అక్షరాలు శ్రద్ధగా చదువుకున్నాం.

సోయిలా సూది తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. "వేసుకో మరి. పదేళ్ల సాధన ఈ పూటే మొదలెట్టు."

కొండల్లో పుట్టినవాడు సూది వంక చూసి మట్టిబెడ్డలా కరిగిపోయాడు. "నావల్ల కాదు. నువ్వు వెళ్లిపోతే నేను చస్తానే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పు. లాయరమ్మకి వినబడాలి."

గట్టిగానే చెప్పాడు. ఏడుస్తూ, కాలి పుండుకి కట్టు కూడా ఆమే కడుతుందని కలిపి చెప్పాడు.

"ఇంతసేపూ అడిగింది ఇదే కదండీ!" లాయరమ్మ నుదురు కొట్టుకుంది. "డాక్టరు కాగితాలు తెండి. ఖాయమని చెప్పలేను గాని, ఇప్పుడు కేసంటూ ఒకటి ఉంది."

సోయిలా అందరి ముందే అతని చొక్కా పైకి లాగి సూది వేసింది. కళ్లు గట్టిగా మూసుకుని పొడిపించుకుని, అతను మొదటి ముద్ద తిన్నాడు. మేమూ బల్ల చుట్టూ చేరాం.

"మరి ఈ కాఫీ ఏ ఆఫీసులో ఇవ్వాలి?" అని నేనడిగాను.

"కాఫీ ఏంటి?" అంది లాయరమ్మ.

పొట్లాలన్నీ చూసి సోయిలాకి సంగతి అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వి, అత్తగారి చెవిలో అరిచింది. "కాఫీ కాదు అత్తయ్యా, మాఫీ! సర్కారుని క్షమించమని అడగడం!"

ముసలావిడ కొడుకుని ఎగాదిగా చూసింది. "క్షమించమని నువ్వెందుకు అడగాలే? అడగాల్సింది వీడు కదా!"

ఆ ముక్క మాత్రం మాకందరికీ ఒకేలా వినిపించింది.