మొదటి కత్తి

మొగుడు రంగస్వామి రాసుకున్న మేజిక్ పుస్తకాన్ని గిడ్డమ్మ పాత చీరముక్కలో చుట్టి జొన్నల డబ్బా అడుగున దాచింది. పురుగు పట్టకుండా ఏటా వేపాకు మారుస్తూ వచ్చింది. స్టేజీ మీద ఇంద్రజాలం చేసిన వాళ్ల చరిత్ర పోగుచేస్తున్నానని కడప నుంచి మధులత అనే పిల్ల ఫోన్ చేసినప్పుడు, ఇన్నేళ్ల శ్రమకు ఇప్పటికి అర్థం వచ్చిందనుకుంది.

మధులత పొద్దున బస్సుకే పత్తికొండలో దిగింది. జరీ ఊడిన కోటు, తిరునాళ్ల వాల్‌పోస్టర్లు మంచం మీద పరచి ఫోటోలు తీసుకుంది. పుస్తకం విప్పాక ఫోటోలు ఆపి ఒక్కో పేజీ తిప్పి చూసింది. పద్నాలుగు ఆటలు, ఒక్కోదానికి బొమ్మతో సహా. తను ఇంతవరకు కలిసిన వాళ్లలో ఇంత వివరంగా రాసిపెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరంది.

"ఇట్లనే అచ్చేయిస్తామవ్వా. నేర్చుకునే పిల్లోళ్లకు శానా పనికొస్తాది."

ఆ మాట వినగానే గిడ్డమ్మ పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ పుస్తకంలో ప్రతి ఆటలోనూ ఒక అబద్ధం ఉంది. రంగస్వామి గురువు అలాగే రాసేవాడు, ఆయన గురువూ అంతే. తొమ్మిది మాటలు నిజం రాసి ఒకటి తప్పు రాయాలి. పుస్తకం దొంగ చేతిలో పడితే ఆట చెడిపోవాలి. తనకు నమ్మకం కుదిరిన శిష్యుడికి మాత్రం గురువు ఆ ఒక్కటీ చెవిలో చెప్తాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి రంగస్వామికి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఇప్పుడు చెప్పడానికి నోరూ లేదు, వినడానికి శిష్యుడూ లేడు.

గిడ్డమ్మ ఇదంతా దాచకుండా చెప్పింది. మధులత నిరాశపడలేదు. ఒక్కో మాటా తాతకు చదివి వినిపిద్దామని, తప్పు వచ్చినచోట ఎడమచెయ్యి ఎత్తితే చాలని అంది. గోడకు ఆనుకుని కూర్చున్న రంగస్వామి దగ్గరికి పీట జరుపుకుని నిప్పు మింగే ఆట మొదలుపెట్టింది. మొదటి మాటకే ఆయన చెయ్యెత్తాడు. రెండోదానికీ ఎత్తాడు. చివరిదాకా ఎత్తుతూనే ఉన్నాడు.

"నీ పేరు రంగస్వామేనా?" అని గిడ్డమ్మ అడిగింది. చెయ్యెత్తాడు.

"మరి నా పేరు రంగస్వామా?"

దానికీ ఎత్తాడు, చప్పట్లు అందుకునే మనిషిలా ముఖం వెలిగించుకుని. మధులత నవ్వబోయి తల వంచుకుంది.

అయినా ఆ పిల్ల వదల్లేదు. ఆటలన్నీ వరసగా చదువుతూ బుట్ట ఆట దగ్గరికి వచ్చింది. ఆడమనిషిని బుట్టలో కూర్చోబెట్టి మూత వేసి, మొదటి కత్తిని కుడిపక్క నుంచి దూర్చాలని రాసి ఉంది.

మిగతా పదమూడు ఆటల గుట్టు గిడ్డమ్మకు తెలియదు. ఈ ఒక్కటి తెలుసు, ఎందుకంటే పదకొండేళ్లు ఆ బుట్టలో కూర్చున్నది తనే. బుట్ట కుడిపక్క కడుపులా ఉబ్బి ఉండేది. లోపల కూర్చున్న మనిషి ఒళ్లు తనంతట అదే ఆ పక్కకు జారేది. మొదటి కత్తి ఎప్పుడూ ఎడమ నుంచే వచ్చేది.

అప్పట్లో ఏడేళ్లు శిష్యుడుగా ఉన్న ఓబన్న ఆ మాట చెప్పమంటే, ఇంకో ఏడు పోనీ అనేవాడు రంగస్వామి. చూసి చూసి విసిగి ఓబన్న పుస్తకం దొంగతనంగా ఎత్తి రాసుకున్నాడు. కమలాపురంలో తనే సొంతంగా ఆట ఒప్పుకున్నాడు. ముందురోజు పెండ్లాం శివజ్యోతిని బుట్టలో కూర్చోబెట్టి, కత్తికి బదులు కట్టెతో సాధన చేస్తే కట్టె ఆమెకు తగిలింది. గిడ్డమ్మ రొట్టెలు తడుతున్నప్పుడు వచ్చి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, మొదటి కత్తి కుడిపక్క నుంచేనా?"

గుట్టు బయటపెట్టనని గిడ్డమ్మ మొగుడి చేతిలో చెయ్యి వేసి ఉంది. పెనం మీద నుంచి చూపు తిప్పలేదు.

"పుస్తకంలో ఎట్లుంటే అట్లే చెయ్యప్పా."

ఓబన్న ఆమె మాట నమ్మాడు, తప్పు శివజ్యోతి కూర్చున్న తీరులోనే ఉందనుకున్నాడు. మరుసటిరోజు కత్తి శివజ్యోతి జబ్బలో దిగింది. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. నెలరోజుల తర్వాత ఓబన్న వచ్చి, గురువు ఇచ్చిన మంత్రదండం గడప మీద పెట్టి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. దొంగకు తగిన శాస్తి అన్నాడు రంగస్వామి. వాడు తనను అడిగాడన్న సంగతి గిడ్డమ్మ ఆయనకు ఇరవై ఆరేళ్లుగా చెప్పలేదు.

"అది తప్పు పాపా. ఎడమపక్క అని రాసుకో" అంది ఇప్పుడు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఓబన్న వచ్చి అడిగినాడయ్యా. నేనే చెప్పలే."

రంగస్వామి చెయ్యెత్తాడు. తన పేరుకు ఎంత ఎత్తాడో, ఆమె పేరుకు ఎంత ఎత్తాడో, అంతే ఎత్తాడు. ఆయన కళ్లలో గిడ్డమ్మ చాలాసేపు వెతికింది. అవే వెలుగుతున్న కళ్లు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి ఒళ్లో పెట్టింది.

నిప్పు ఆట, మేకుల పెట్టె ఆట, మరో పదకొండు. ఎక్కడ ఏ మాట ఎవరి ఒంట్లో దిగుతుందో. అవి అచ్చువేయొద్దని గిడ్డమ్మ బతిమాలింది. వేయకపోతే తాత ఆడిన ఆటలే లేకుండా పోతాయని మధులత అంది. గిడ్డమ్మకు రెండూ నిజమే అనిపించాయి. చివరికి ఆ పదమూడు ఆటల తలమీదా ఒకే మాట రాయించింది: ఇందులో ఒకటి అబద్ధం, ఏదో మాకు తెలియదు, ఎవరూ చేసి చూడొద్దు.

బుట్ట ఆట దగ్గర మధులత కలం ఆపింది. దిద్దింది ఎవరని రాయాలని అడిగింది.

"నా పేరొద్దు. ఓబన్న అడిగినాడని రాయి."

"యాడుండాడవ్వా ఆయప్ప? ఏ ఊరు?"

బళ్లారిలో ఆటో తోలుతున్నాడని ఎప్పుడో ఒకరన్నారు. ఆదోనిలో చూశామని ఇంకొకరన్నారు. ఏడేళ్లు తన చేతి కూడు తిన్న మనిషి. వంకాయ ముట్టడని తెలుసు, జొన్నరొట్టె మాడితేనే ఇష్టమని తెలుసు. మధులత కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. గిడ్డమ్మ చీరముక్కలో నుంచి రాలిన వేపాకులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.