మాస్టర్ నైజెల్ ఏడుపు సీను

వైటూకే పుణ్యమా అని మనవాళ్ళంతా సింగపూరులో దిగిన రోజులవి. మేం ఫోన్లో మాట్లాడే ఇంగ్లీషు లండన్ క్లయింట్లకు అర్థం కావడం లేదట. అందుకని తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసుకి అసలు సిసలు ఇంగ్లీషు దొరనే టీచరుగా తెచ్చారు.

నైజెల్‌కు యాభై దగ్గర పడ్డాయి. మొదటిరోజు అలవాటుకొద్దీ "మాస్టారూ!" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నీకెవరు చెప్పారు?"

చిన్నప్పుడు ఆయన సినిమాల్లో వేశాడట. పోస్టర్ల మీద 'మాస్టర్ నైజెల్' అని ఉండేదట. తల్లి స్టేషన్లో వదిలేసిన పిల్లాడిగా ఏడిస్తే వాళ్ళ దేశమంతా ఏడ్చిందట. మీసాలొచ్చాక మళ్ళీ ఎవరూ పిలవలేదు.

"చదువు చెప్పేవాళ్ళను మేం మాస్టారూ అనే అంటాం" అన్నాను.

"అయితే అలాగే పిలువు. ఇదే బాగుంది" అని నవ్వాడు.

క్లాసులో ఇదంతా విన్న కీర్తిక ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా మేనేజరు మధుసూదనరావు గారి చెవిన వేసింది.

"యాన్యువల్ డిన్నర్లో ఆ ఏడుపు సీను చేయించమ్మా ఉమా, స్టాఫ్‌కి భలే టైంపాస్. ఆయన కాంట్రాక్ట్ రెన్యూవల్ నా చేతిలోనే ఉందిగా!" అన్నారాయన నన్ను పిలిచి.

రెన్యూవల్ లేకపోతే నైజెల్ దేశం వదలాలి. వెనక్కి వెళ్తే తలుపు తీసే మనిషి కూడా లేడు.

"వద్దు మాస్టారూ, చెయ్యకండి" అని బతిమాలాను. వినలేదు. కూటి కోసం కోటి విద్యలంటారు, పాపం ఆయనకు నమ్మకమున్నది ఒక్క విద్య మీదే.

డిన్నర్‌కు ఎవరో మహానుభావుడు నిక్కరు కూడా తెచ్చిపెట్టాడు. అది తొడుక్కుని, తెల్లటి మోకాళ్ళతో స్టేజీ ఎక్కగానే హాలంతా గొల్లుమంది.

"అమ్మా, నన్ను వదిలి వెళ్ళకే!" అన్నాడు ఇంగ్లీషులో. గొంతు ముసలిది, ఏడుపు మాత్రం పసిపిల్లాడిది. నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. సీను అయిపోయినా ఆయన ఏడుస్తూనే ఉన్నాడు.

మధుసూదనరావు గారు లేచి చప్పట్లు కొట్టారు. "ఏం ఏడ్చాడయ్యా! రెన్యూవల్ ఖాయం. ప్రతి ఏడూ ఇదే ఐటమ్!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నైజెల్‌ని ఇంటికి పంపిద్దామని స్టేజీ వెనక్కి పరిగెత్తాను.

"మాస్టారూ..."

చటుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెంపలింకా తడిగానే ఉన్నాయి.

"బాగా ఏడ్చానా? ఇంకోసారి చెయ్యమంటారా?" అని అడిగాడు.