గుమ్మం ముందు రెండు జతలు

లాండ్రీలో పనికి బయల్దేరే ముందు ఆమె రోజూ చేసే పని ఒకటుంది. తలుపు ఓరగా తీసి, మొగుడి చెప్పులు ఎటు చూస్తున్నాయో చూడటం. ఆ పొద్దున కూడా అవి వీధి వైపే చూస్తున్నాయి. తనవి మాత్రం బుద్ధిగా ఇంటి వైపు ఉన్నాయి. మెట్లు ఊడ్చే ఓనరమ్మ కంట పడకముందే, అతని జతని కాలి బొటనవేలితో లోపలికి తిప్పేసి గబగబా దిగింది.

ఆ ఊళ్ళో చెప్పులు అంతే. గుమ్మం ముందు విడిస్తే, కాసేపటికి వాటంతటవే తిరిగి మనిషి మనసు ఎటుంటే అటు నిలబడతాయి. ఉండాలనుకునేవాళ్ళవి ఇంటి వైపు, పోవాలనుకునేవాళ్ళవి వీధి వైపు. ఎవరైనా తిప్పి పెడితే ఓ పూట ఆగి మళ్ళీ తిరుగుతాయి. వానాకాలంలో తలుపులు ఉబ్బినట్టే ఇదీనూ. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, కొత్త రూలు వచ్చేదాకా.

ఒకప్పుడు ఆ దేశమే పనివాళ్ళు కావాలని వీళ్ళలాంటివాళ్ళని బయటి దేశాల నుంచి రమ్మని పిలిచింది. రొట్టెల బట్టీలకీ లాండ్రీలకీ సరిపడా మనుషులు దొరికాక గొంతు మారింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇప్పుడు స్థిరపడిపోయేవాళ్ళకే అనుమతి. మొగుడూ పెళ్ళాల్లో ఏ ఒక్కరి చెప్పులు వీధిని చూసినా ఇద్దరూ పోవాల్సిందే. అది చూసి రాసుకోవడానికి వలసల ఆఫీసు నుంచి ఒకాయన చెప్పాపెట్టకుండా దిగుతాడు. తన బూట్లు మాత్రం ఏ గుమ్మం ముందూ విడవడట. విప్పి సంచీలో వేసుకుని చంకలో ఇరికించుకుంటాడట.

అనుమతి పోతుందన్న భయం ఒకెత్తు, మొగుడు తనని ఇక్కడే వదిలేసి చెక్కేస్తాడేమోనన్న అనుమానం ఇంకొకెత్తు. అతనిది రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీ. తెల్లారుతుండగా వచ్చి పడుకుంటాడు. ఆమె లేచి చూసేసరికి మొద్దునిద్రలో ఉంటాడు. అడుగుదామంటే మనిషి చిక్కడు. అందుకని జేబులు వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

ఆ ఆదివారం చూస్తే, పాత పెట్టెకి కొత్త జిప్పు.

"ఇదెందుకిప్పుడు?" అంది.

"పాడైంది, వేయించాను."

"అది పాడై ఎన్నాళ్ళైంది? ఇప్పుడే గుర్తొచ్చిందా?"

"నువ్వు ప్రతిదానికీ కూపీ లాగుతావు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడనుకుంది ఆమె.

ఓనరమ్మ ఊరుకునే రకమా? మెట్ల మీద చీపురు అడ్డం పెట్టి ఆపింది. "మగాడి చెప్పులు గడపకి వీపు చూపించాయంటే, మనసు మూట కట్టేసుకున్నట్టేనమ్మాయ్. నేను చూడలేదనుకోకు. అయినా ఆ ఇంట్లో ఇద్దరూ ఇద్దరేలే. నేనెవరికీ చెప్పను."

చెప్పనన్నవాళ్ళే ముందు చెబుతారు. ఆ రోజు లాండ్రీలో ఆమె రెండు చొక్కాలు మాడ్చింది.

తర్వాతి వారం బట్టీలో పొయ్యి చెడిపోయి అతనికి సెలవిచ్చారు. చాలా కాలానికి ఇద్దరూ ఒకే దుప్పట్లో ఒళ్ళు మరిచి నిద్రపోయారు. బాగా తెల్లారాక తలుపు చప్పుడైంది.

వలసలాయన. చంకలో సంచీ, ఒట్టి కాళ్ళు.

ఆమె కళ్ళు ముందు మొగుడి చెప్పుల మీదికే పోయాయి. వీధి వైపు. తటాలున వంగి చెయ్యి చాచింది.

"ముట్టుకోకండమ్మా," అన్నాడాయన. "రెండు జతలూ అలాగే ఉండనివ్వండి."

రెండు జతలేమిటి? అప్పుడు చూసింది తనవి. మొదటి మెట్టు అంచుదాకా వెళ్ళి నిలబడ్డాయి. అతనివి వాటి వెనకాలే ఉన్నాయి. ఇవి నావి కావనబోయింది. ఎడమ చెప్పుకి తనే వేసుకున్న కుట్టు కనబడి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

"నీవి వానలప్పటి నుంచీ అంతే," అన్నాడు మొగుడు వెనక నుంచి. "రోజూ వస్తూనే నేను లోపలికి తిప్పేవాణ్ణి. తెలిస్తే బెంగపడతావని చెప్పలేదు."

"మరి నీవి?"

"నీవి తిరిగాకే నావీ తిరిగాయి. నువ్వు పోతే నాకిక్కడ ఏముంది? ఆ జిప్పు కూడా అందుకే."

ఆమెకి సిగ్గేసింది. లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి చొక్కాలు మడతపెడుతుంటే సొంతూళ్ళో అక్క టైలరు కొట్టు అరుగు గుర్తొచ్చేది. అక్కడ తన మాట అర్థం కాక ఎవరూ రెండోసారి అడగరు. కళ్ళు చెమర్చేవి. వేడికనుకుంది. ఇన్నాళ్ళూ అతని జేబులు వెతికిందే తప్ప తన మనసెటుందో ఆలోచించనే లేదు.

"ఉండే ఉద్దేశం లేదని రాస్తున్నాను. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి," అన్నాడాయన. "చెప్పుకునేదేమైనా ఉందా?"

ఉంది. ఈ రోజు కోసమని ఎన్నో జవాబులు కంఠతా పట్టి పెట్టుకుంది. మొగుడి మొహంలోకి చూసింది.

"రాసుకోండి," అంది.

ఆయన చంకలో సంచీ, లోపల బూట్లు తిరుగుతున్నట్టు, మెల్లగా మెదిలింది. దాన్ని గట్టిగా నొక్కిపెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

కింద నుంచి ఓనరమ్మ చీపురు చప్పుడు పైకి వస్తోంది. అలవాటు కొద్దీ ఆమె కాలు అతని చెప్పుల మీదికీ, అతని కాలు ఆమె చెప్పుల మీదికీ వెళ్ళాయి. ఇద్దరూ ఒక్కసారే ఆగారు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఉండనీ," అంది. "చూడనీ."