మైల్స్‌ను పూడ్చిన చోటు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. వాన కురిసింది ఏవిస్ వచ్చిన రోజో మర్నాడో ఇప్పుడు రూఢిగా చెప్పలేను. పొయ్యి దగ్గర జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను.

డీలియా రోజూ పొద్దున్నే లేచి, బూడిద కింద కప్పెట్టిన నిప్పు పైకి లాగి, బురదనేలలో కోసి ఎండబెట్టిన పీటు గడ్డలు నాలుగు పేర్చి, టీకి నీళ్ళు పెట్టుకునేది. నీళ్ళు మరిగేలోపు నోటుబుక్కు తీసి పేర్లు పైకి చదువుకునేది. నలభై ఏళ్ళపాటు చర్చి రిజిస్టర్లు తిరగేసి ఎక్కించుకున్న పేర్లవి. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, ఈమధ్య నీళ్ళు పెట్టిన సంగతే మర్చిపోతోంది. పేర్లు కూడా జారిపోతాయేమోనని ఆమె భయం.

వేసవి వస్తే ఆమె ఉండే ఎర్రిస్ ప్రాంతానికి ఎక్కడెక్కడి వాళ్ళో ముత్తాతల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నోటుబుక్కు తేల్చలేనిది ఆమె పొయ్యి తేల్చేది. బురదనేలలో ఏ గట్టును ఏ కుటుంబం మొదట కోసిందో, ఆ గట్టు పీటు పొగ ఆ రక్తం వాళ్ళవైపే వంగుతుంది. పెళ్ళి కుదుర్చుకునే ముందు పిల్లనీ పిల్లాణ్ణీ ఒకే పొయ్యి ముందు కూర్చోబెట్టి, ఇద్దరి కళ్ళూ మండితే సంబంధం వదిలేసుకోవడం అక్కడ మామూలే. రిజిస్టరు ఎలుకలు కొట్టేసినప్పుడు ఫాదర్ కూడా పొయ్యినే అడిగేవాడు.

ఆ ఏడు మేనకోడలు అట్రాక్టా ఫోన్ పట్టుకుని వచ్చింది. "అత్తా, ఆ లాలాజలం పరీక్ష చేయించుకున్నానే, ఆస్ట్రేలియాలో ఒకావిడ చుట్టమని తేలింది. ఏవిస్ అని. మనం అనుకునేదానికంటే దగ్గరి చుట్టరికమే చూపిస్తోంది. వాళ్ళ ముత్తవ్వ మైల్స్ కూతురట."

డీలియా కప్పు కింద పెట్టింది.

మైల్స్ పేరు ఆ ఇంట్లో ఉమ్మేసినట్టు పలికేవాళ్ళు. డీలియా ముత్తాత ఆంటనీని భూస్వామి మనుషులు ఇంట్లోంచి గెంటేసి కప్పు పీకేసిన రోజున, రెండేళ్ళ కూతురు సిబ్బీకి ఒళ్ళు కాలిపోతోంది. వానలో ఎత్తుకుపోలేక, ఆంటనీకి పెదనాన్న కొడుకైన మైల్స్ ఇంట్లో వదిలారు. మూడోరోజు తల్లి వెళ్తే మైల్స్ గుమ్మంలోనే నిలబడి, "పోయింది, పూడ్చేశాం" అన్నాడు. ఎక్కడో చూపించలేదు. నెల తిరక్కుండా ఆంటనీ పొలం తనే కౌలుకు తీసుకున్నాడు.

ఊరు అతనితో మాట మానేసింది, ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఉప్పురాయి అమ్మలేదు. మరుసటేడు అతను చచ్చిపోతే గొయ్యి తవ్వడానికి ఒక్కరు పార పట్టలేదు. ఆ ఊళ్ళో ఎంత పగవాడికైనా ఇరుగుపొరుగే తవ్వుతారు, అతనికి తవ్వలేదు. పెళ్ళామే ఒంటరిగా తవ్వి, గుర్తు పెట్టకుండా పూడ్చి, ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. ఆంటనీ కంచె వెనక నిలబడి చూశాడు. ఆ చోటు కూతురికి చెప్పాడు, ఆమె తన మనవరాలైన డీలియాకి చెప్పింది, ఎవరూ పొరపాటున కూడా అక్కడ శిలువ పాతకుండా చూడమని. ఇప్పుడది తెలిసింది డీలియా ఒక్కదానికే.

"రమ్మను," అంది డీలియా. "ఏం కావాలట?"

"మైల్స్ సమాధి ఎక్కడో చూపించమంటోంది. రాయి పెట్టిస్తుందట."

"చూపిస్తా. చక్కగా చూపిస్తా."

చూపించదలుచుకున్నది చర్చి గోడ అవతల ఉన్న దిబ్బ. కింద ఉన్నది భూస్వామి ఏజెంటు గారి వేటకుక్క. దాని మీద నల్లరాయి లేస్తుంది, ఈవిడ మోకరించి ప్రార్థన చేస్తుంది, ఊరంతా ఎదురుగా నవ్వు దిగమింగుకుంటుంది. డీలియాకి చాలా ఏళ్ళ తర్వాత ఆకలి బాగా వేసింది.

ఏవిస్ వచ్చింది. అరవై దాటిన మనిషి, తడిసిన కోటు, చేతిలో పువ్వులు. డీలియా ఆమెకు కుర్చీ చూపించలేదు, పాలు పితికే పీట చూపించింది. మంచి కప్పులు బీరువాలోనే ఉంచి, కంచెలు కొట్టే మనిషి తాగే అంచు విరిగిన మగ్గులో టీ పోసింది. పొయ్యిలో ఆంటనీ గట్టు పీటు వేసింది. మైల్స్ వాళ్ళ గట్టు వేరు. పొగ ఈ మనిషి మొహం కూడా చూడకుండా వెళ్ళిపోతుంటే కళ్ళారా చూడాలి.

"చాలా దూరం నుంచి వచ్చారు పాపం," అంది డీలియా. "మా మైల్స్ కోసం."

"మా అమ్మ చచ్చేదాకా అదే కలవరింత, డీలియా గారూ. ఆయనకి ఒక గుర్తు పెట్టించమని."

"పెట్టిద్దాం. మంచి చోటే దొరికింది ఆయనకి."

అట్రాక్టా రొట్టె కోస్తూ తల వంచుకుంది.

పొగ పొయ్యిలోంచి ఇవతలికి వచ్చింది. డీలియా వైపు ఒకసారి వంగింది, అట్రాక్టాని తాకింది, తర్వాత గది దాటి ఏవిస్ దగ్గరికి వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"మీ పొయ్యిలోంచి బాగా పొగ వస్తోందండీ," అంది ఏవిస్ దగ్గుతూ.

"అత్తా," అంది అట్రాక్టా, కత్తి కింద పెట్టి.

"చూశాను, నోర్ముయ్." డీలియా ఏవిస్ వైపు తిరిగింది. "మీ ముత్తవ్వ పేరేమిటన్నావు?"

"నేను చెప్పలేదు. సిబ్బీ."

డీలియా నోటుబుక్కు తీసింది. ఆంటనీ కూతురు సిబ్బీ, బాప్తిస్మం 1880. ఆంటనీ కూతురు సిబ్బీ, బాప్తిస్మం 1884. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టుకోవడం అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంది. రెండోసారి ఆ పేరు కనిపించిందంటే మొదటి బిడ్డ పోయినట్టే లెక్క, ఇంక ఎవరూ వెతకరు. డీలియా కూడా వెతకలేదు. మైల్స్ పేజీలో మాత్రం ఒక్క బిడ్డకీ బాప్తిస్మం లేదు. గొడ్రాలి ఇల్లని నవ్వుకుంటూ ఆమే రాసుకుంది, మైల్స్ కూతురని అట్రాక్టా చెప్పినప్పుడు అది గుర్తే రాలేదు.

"మా సిబ్బీ పోలేదు," అంది నెమ్మదిగా. "మా సిబ్బీయే మీ సిబ్బీ. పొలం ఒక్కటే కాదు, పిల్లని కూడా ఉంచేసుకున్నాడు. కన్నతల్లి గుమ్మంలో నిలబడితే చచ్చిపోయిందని చెప్పి పంపించాడు."

అంతా విప్పి చెప్పేసరికి టీ చల్లారిపోయింది. ఏవిస్ ఏడుస్తోందో, పొగకి కళ్ళు మండుతున్నాయో తెలీలేదు.

"ఆ కన్నతల్లి బతికినన్నాళ్ళూ వెతుక్కుందా?"

"ఏ దిబ్బ కనిపించినా ఆగి ప్రార్థన చేసేదట." డీలియా ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుంది. "ఇంకో మాట. నిన్ను నేను ఏజెంటు కుక్క దిబ్బ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాను. దాని మీదే నీ చేత రాయి పెట్టిద్దామని."

ఏవిస్ ఉన్నట్టుండి నవ్వింది. "మైల్స్ పేరు మోయడానికి ఆ కుక్క ఏం పాపం చేసింది, పిన్నీ?"

అట్రాక్టా లేచి, బీరువా తెరిచి, మంచి కప్పులు తీసింది.

"అసలు చోటు చెప్తాను విను," అంది డీలియా. "నా తర్వాత చెప్పేవాళ్ళు లేరు. వచ్చే ఏటికి నాకే గుర్తుండదు."

ఏవిస్ పీట వదిలి వచ్చి, ఆమె నోటిమీద చెయ్యి పెట్టింది. "నాకొద్దు. అట్రాక్టాకి చెప్పకు. ఫాదర్‌కి చెప్పకు. ఇదొక్కటి మర్చిపో, పిన్నీ. నీ చేతనైనంత తొందరగా మర్చిపో."

ఆ మాటతో డీలియాకి ఎన్నాళ్ళ తర్వాతో ఊపిరి తేలిగ్గా ఆడింది. మర్నాడు నోటుబుక్కు తెరవలేదు. ఏవిస్ ఊళ్ళోకి వెళ్ళి రాతి మీద చెక్కే పేరు మార్పించింది. రాయి ఆంటనీ భార్య సమాధి పక్కన నిలబడింది, సిబ్బీ తల్లి అని. శీతాకాలం వచ్చేసరికి డీలియా పొలాల వెంట నడుస్తూ, ఏ కంచె దగ్గరా ఆగకుండా, ఆ చోటే మర్చిపోయినట్టు వెళ్ళిపోవడం ఊరంతా చూసింది.

అట్రాక్టా, నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కాబట్టి ఈ పేర్లు ఒకసారి సరిచూసి పెట్టమ్మా. మైల్స్‌ను ఎక్కడ పూడ్చారో నేను పొరపాటున ఎక్కడైనా రాసి ఉంటే, చదవకుండా కొట్టెయ్.