సోమలింగం గిన్నె

రాజలింగం చొక్కాకి పొట్ట దగ్గర మళ్లీ నల్లటి నూనె చార పడింది. సబ్బు రుద్ది రుద్ది స్వరాజ్యం చేతులు మంటలెత్తాయి గానీ చార వదల్లేదు. లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ల ఇళ్లల్లో నూనె మరక వింతేం కాదు. కానీ సరిగ్గా పొట్ట మీదే పడిందంటే, మనిషి సాంచాల మధ్య పట్టడం లేదన్నమాట.

మనిషి పక్కకి తిరిగి పోయేంత సందు వదిలి సాంచాలు బిగిస్తారు. పొద్దంతా ఆ సందులోనే తిరగాలి, తెగిన పోగులు ముడెయ్యాలి. తిరిగే బెల్టుకి చొక్కా అంచు చిక్కితే ప్రాణానికే ముప్పు. "దీపావళి దాకా చూస్తా. ఒళ్లు తగ్గకపోతే గేటు దగ్గర కుర్చీ వేస్తా" అన్నాడు సేటు. అంటే వాచ్‌మన్ పని. మీసాలు రాకముందే సిరిసిల్ల నుంచి ఈ పరాయి రాష్ట్రానికి వచ్చి సాంచాలు పట్టినవాడికి అంతకంటే అవమానం లేదు.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగినప్పుడే ఒళ్లు రావడం మొదలైంది. అప్పుడదంతా నవ్వులాట. తమ్ముడు సోమలింగం పెళ్లీ పెటాకులూ లేకుండా అన్న దగ్గరే ఉంటూ, అదే కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. ఇద్దరూ పేకాడుతూ, స్వరాజ్యం సర్వపిండి కాల్చడమే ఆలస్యం, లాగించేసేవాళ్లు. రెండో ఏడు ఎండాకాలంలో కరోనా సోమలింగాన్ని తీసుకుపోయింది. ఆ తర్వాత పట్టుకున్న ఒళ్లే ఆగడం లేదు.

స్వరాజ్యం చెయ్యని వైద్యం లేదు. రాత్రి అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. చాయ్‌లో చక్కెర తీసేసింది. పొద్దున్నే లేపి నడిపించింది. గాలి పీల్చి లావవుతున్నాడా ఈ మనిషి అని ఆమెకి ఒకటే ఒళ్లుమంట.

కార్ఖానాకి పట్టుకెళ్లే రెండు గిన్నెల మధ్యాహ్నం డబ్బా జోలికి మాత్రం పోలేదు. సోమలింగం సాంచాల మీదికి దేవదాస్ అనే ఒడిశా అతను వచ్చాడనీ, పాపం ఒంటరివాడనీ, తమ్ముడి గిన్నె అతనికి పెడుతున్నాననీ రాజలింగం చెప్పాడు మరి. మరిదికి సర్దినట్టే ఆ గిన్నె నిండా అన్నం, పప్పు కూరి పంపేది.

ఒకరోజు కూరగాయల బండివాడు ఎవరినో దేవదాస్ అని పిలిస్తే తిరిగి చూసింది. "మా పప్పు నచ్చిందా భయ్యా?" అని హిందీలో పలకరించింది, ఫలానా రాజలింగం ఇంటిదాన్నని చెప్పి.

అతను తెల్లబోయాడు. "ఏ పప్పు, దీదీ? ఆయన నా మొహమే చూడడు."

మర్నాడు భోజనాల వేళకి స్వరాజ్యం మాస్కు కట్టుకుని కార్ఖానాకి నడిచింది. చెడామడా దులిపేద్దామనే వెళ్లింది.

తిండి వేళలోనూ ఆగని సాంచాల మోతలో ఆమె రావడం ఎవరికీ వినబడలేదు. మూలన రాజలింగం తన గిన్నె ఖాళీ చేసి కూర్చున్నాడు. ఎదురుగా, సోమలింగం కూర్చునే చోట, ఇంకో గిన్నె పెట్టి ఉంది. దాని వంక చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుని, మందు మింగబోయేవాడిలా మొహం పెట్టి దగ్గరికి లాక్కున్నాడు.

స్వరాజ్యం కోపం ఎటు పోయిందో పోయింది. గిన్నెలో పెట్టబోతున్న చెయ్యి పట్టుకుని పక్కన కూలబడింది.

"ఏందయ్యా ఇది? ఆకలి లేకున్న గిట్ల తింటరా?" అంది అతని చెవి దగ్గర నోరు పెట్టి.

రాజలింగం దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు. "దవాఖాన కాడికి డబ్బా తీస్కపోయిన, యాదున్నదా? బయటి తిండి లోపటికి వద్దన్నరు. నిండు డబ్బా అట్లనే ఇంటికి తెచ్చిన. తెల్లారేసరికి తమ్ముడు లేకపాయె. ఇగ నిండు డబ్బా ఇంటికి తెచ్చుడు నాతోని కాదు స్వరాజ్యం. పారేద్దమంటె చేతులొస్తలేవు."

స్వరాజ్యం గుండె చెరువైంది. ఆ రోజు డబ్బా కట్టింది కూడా ఆమే.

"వానిది నువ్వు తింటె వాని ఆకలి తీరుతదా?" అంది. "పెత్రమాస నాడు పెద్దల పేరు మీద తీసిన బియ్యం మనమే వండుకొని తింటమా? ఇంకొకలకు ఇస్తం. వాళ్లు తింటెనే మనోళ్లకు అందుతది."

రాజలింగం తలెత్తి చూశాడు. సోమలింగం సాంచాల అవతల దేవదాస్ ఒక్కడే ఉల్లిగడ్డ కొరుక్కుంటూ మరమరాలు తింటున్నాడు.

ఆ మోతలో కేకేసినా వినబడదు. కార్ఖానాలో అందరిదీ సైగల భాషే. చెయ్యి పైకెత్తి, వేళ్లు నోటి దగ్గరికి తెస్తే తిందాం రమ్మని. తమ్ముణ్ణి రోజూ అలాగే పిలిచేవాడు. రాజలింగం చెయ్యెత్తి, వేళ్లు నోటి దగ్గరికి తెచ్చాడు.

ఎవరిని పిలుస్తున్నాడోనని దేవదాస్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. రాజలింగం మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి దేవదాస్ లుంగీకి చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చాడు. స్వరాజ్యం సోమలింగం చోటు చూపించి, గిన్నె అతని ముందుకి జరిపింది.

సాయంత్రం డబ్బా ఖాళీగానే ఇంటికొచ్చింది. రాజలింగం కాళ్లు కడుక్కుని వంటింటి గడపలో నిలబడ్డాడు.

"జర తొందరగ పెట్టు, ఆకలైతుంది" అన్నాడు.

ఎండాకాలం నుంచి ఆ నోట ఆ మాట రాలేదు. స్వరాజ్యం కొంగుతో మొహం తుడుచుకుని, రొట్టె పెనం మీద వేసింది.