బెంచీ దూరమైన ఇరవై నిమిషాలు

నలభై ఆరేళ్ళు వచ్చాక మనిషి తన మోకాళ్ళ మాట వినాలి. రదొవన్ షిందెల్కా వినలేదు. మోకాళ్ళు చెప్పాయి, నడుము చెప్పింది, ఇద్దరు డాక్టర్లు చెప్పారు. తెర్లొవ్ క్లబ్బు వాళ్ళయితే చెప్పి ఊరుకోకుండా పోయిన వసంతంలో ఏకంగా సన్మానమే చేసి సాగనంపారు. మరి ఇరవై ఒక్క చలికాలాలు వాళ్ళ ఐస్ హాకీ జట్టులో డిఫెండరుగా గోలు ముందు నిలబడి, వచ్చినవాణ్ణల్లా అడ్డుకున్న మనిషి కదా! బ్యాండు వాయించారు. చంటిపిల్లాడు పట్టేంత గాజు కూజా ఒకటి చేతిలో పెట్టారు. అతని ఐదో నంబరు చొక్కాని తాడు కట్టి రింకు కప్పుదాకా లాగి అక్కడ వేలాడదీశారు. ఇక ఆ నంబరు ఎవరికీ ఇవ్వరట. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బతికున్న మనిషికి సంతాప సభ ఎలా చేస్తారో చూడాలంటే ఆ సాయంత్రం తెర్లొవ్‌లో ఉండాల్సింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అలవాటు కొద్దీ మళ్ళీ రింకుకే వెళ్ళాడు. ఆటగాళ్ళ సామాన్లు చూసే లూద్వా తలుపు దగ్గరే ఉన్నాడు.

"ఏరా షిందా, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు.

ఏం మర్చిపోయాడని చెప్తాడు? టోపీ అన్నాడు. టోపీ నెత్తిమీదే ఉంది. లూద్వా దాన్ని చూసీ చూడనట్టు, "సరే, కనిపిస్తే తీసిపెడతాలే" అన్నాడు. రదొవన్ ఇంటికి వచ్చేశాడు.

ఇల్లంటే రెండు గదులు, ఒక రేడియో. భార్య యార్మిల పన్నెండేళ్ళ కిందటే, గొడవేమీ లేకుండా, శనివారాలు ఇంట్లో ఉండే మనిషిని చూసుకుని వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. ఆ వేసవి మొత్తంలో అతన్ని పేరు పెట్టి పిలిచింది ఇద్దరే, ఉత్తరాలు తెచ్చే ఆమె, పళ్ళ డాక్టరు. రోజుకి నాలుగుసార్లు టీ పెట్టుకునేవాడు. టీ తాగడానికి కాదు, వంటగదిలో ఏదో ఒక చప్పుడు ఉంటుందని.

అందుకని నలభై కిలోమీటర్ల అవతల ఉన్న బ్రజినా జట్టు కబురు పెట్టగానే సంచీ సర్దుకుని పోయాడు. తెర్లొవ్‌లో బ్రజినా పేరెత్తితే మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీ. అక్కడ రింకుని ఆనుకుని ఉన్న బీరు దుకాణం పైన ఒక గది ఇచ్చారు. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళడానికి ఒక చోటు దొరికింది, అంతకంటే అతను అడిగింది కూడా లేదు. కుర్రాళ్ళు మొదటిరోజే తాత అని పేరు పెట్టేశారు. సాధన అయ్యాక వాళ్ళు గుంపుగా ఊళ్ళోకి పోతూ, "తాతా, వస్తావా?" అని అడిగేవాళ్ళు. రాడని తెలిసే అడిగేవాళ్ళు. అతను కింద దుకాణంలో గులాష్ అనే మాంసం కూర తిని, గిన్నె తనే లోపల పెట్టి, మెట్లెక్కి గదిలో పడుకునేవాడు. అయినా ఎవరో ఒకరు అడిగారు కదా అనుకునేవాడు.

శరదృతువులో బ్రజినా జట్టు తెర్లొవ్ వెళ్ళినప్పుడు మోకాలు వాచి ఉండిపోయాడు. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, ఈసారి మోకాలు బాగానే ఉంది. శనివారం మధ్యాహ్నం బస్సు బయల్దేరాక కోచ్ దలిబోర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. దలిబోర్‌కి ముప్పైతొమ్మిది. పంతొమ్మిదేళ్ళప్పుడు తెర్లొవ్‌లో రదొవన్ పక్కన నిలబడే ఈ ఆట నేర్చుకున్నాడు.

"అన్నా, మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమనుకోకు."

"మొహమాటపడే మొహమేనా నీది? చెప్పు."

"ఈ ఏటి చివరి పోటీల్లో ఆడేవాళ్ళ జాబితా రేపు మధ్యాహ్నంలోగా పంపాలి. డిఫెండర్ల వరసలో ఒక్క పేరే ఖాళీ ఉంది. ప్రాగ్ నించి ఒక కుర్రాణ్ణి తెచ్చుకొమ్మని మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు. నువ్వో వాడో, ఇవాళ ఆట చూసి రాస్తా."

"నన్ను రాయకపోతే?"

"రాయకపోతే ఈ ఏటికి అయిపోయినట్టేగా. ఆ తర్వాత..." అని మిగతాది మింగేశాడు.

మింగినా రదొవన్‌కి వినిపించింది. నలభై ఏడేళ్ళవాణ్ణి వచ్చే ఏడు పిలిచే జట్టు ఏదీ లేదు. ఇవాళ బాగా ఆడకపోతే ఇదే ఆఖరు. మళ్ళీ రెండు గదులు, రేడియో, నాలుగు టీలు.

వెనక సీట్లోంచి మతౌష్ అనే కుర్రాడు తల పైకెత్తాడు. "తాతా, మీ చొక్కా అక్కడ ఇంకా వేలాడుతోందా? మధ్యమధ్యలో దించి ఉతుకుతారా, లేకపోతే అలాగే వదిలేస్తారా?"

"ముందు నీ నోరు ఉతకాలిరా" అన్నాడు రదొవన్. బస్సంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు.

ఐదింటికి ఆట మొదలైంది. సాసేజీల పొగ, డప్పులు, ఆవు గంటలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బ్రజినా వాళ్ళ ఆకుపచ్చ చొక్కాలో రదొవన్ మంచు మీద కాలు పెట్టగానే ఒక్క క్షణం జనం గుసగుసలాడారు. ఆ తర్వాత గోలు వెనక గ్యాలరీలోంచి ఎవడో గొంతు చించుకున్నాడు.

"షిందా! ఒకసారి పైకి చూడు! నిన్నెప్పుడో వేలాడదీశాంరా, మళ్ళీ ఎందుకొచ్చావ్?"

రింకంతా నవ్వు. అతను పైకి చూడలేదు. చూడకపోయినా ఆ ఎర్ర చొక్కా ఎక్కడుందో అతనికి తెలుసు, తన వీపు ఎటు తిరిగితే అటు ఉంది.

మొదటి ఇరవై నిమిషాలు మాత్రం, చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా ఆడాడు. కాళ్ళలో ఎలాగూ వేగం లేదు కాబట్టి ఆలోచనతో ఆడాడు. తెర్లొవ్ కుర్రాళ్ళు రబ్బరు బిళ్ళని ఎటు కొడతారో వాళ్ళకంటే ముందే అక్కడికి చేరి ఉండేవాడు. బెంచీ మీదికి వచ్చినప్పుడు దలిబోర్ వెనకనించి భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడంలో జాబితా ఉందనిపించింది. పిచ్చి మనసు, ఏప్రిల్ దాకా ఉండబోయే గదిలో కర్టెను మార్చాలని కూడా అనుకుంది.

ఈ ఆటలో ఎవడూ నిమిషం మించి మంచు మీద ఉండడు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచీకి వచ్చేస్తాడు, వాడు చేరాకే బదులుగా ఇంకొకడు దూకుతాడు. రెండు జట్ల బెంచీలూ ఒకే గోడ వెంట పక్కపక్కన ఉంటాయి. మొదటి భాగంలో ఎవరి గోలు దగ్గర వాళ్ళ బెంచీ ఉంటుంది. రెండో భాగంలో జట్లు దిక్కులు మారతాయి, బెంచీలు మాత్రం మారవు. అంటే గోలు ముందు నిలబడే డిఫెండరు తన బెంచీ చేరాలంటే ముందు ఎదుటివాళ్ళ బెంచీ దాటుకుంటూ పోవాలి. ఆ ఇరవై నిమిషాలూ ముసలి కాళ్ళకి నరకం.

ఆ నరకంలో తెర్లొవ్ వాళ్ళు అతన్ని ఇరికించేశారు. నిమిషమైంది, ఒకటిన్నర నిమిషం అయింది, బిళ్ళ బయటికి పోదు, మారడానికి సందివ్వరు. ఒకడు భుజంతో గుద్దితే హెల్మెట్ వెళ్ళి గోడ మీది అద్దానికి టంగుమని తగిలింది. లేచాడు. రొమ్ములో మంట. రెండు నిమిషాలు దాటాక ఎవరి కర్రకో తగిలి బిళ్ళ అవతలి సగానికి పోయింది.

"మారు! మారు!" అని అరుపులు. రదొవన్ తల వంచుకుని గోడ వైపు జారాడు. కళ్ళకి మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. కాళ్ళకి దారి తెలుసు. ఇరవై ఒక్క ఏళ్ళు ఏ తలుపు దగ్గరికి పోయాయో ఆ తలుపు దగ్గరికే పోయాయి.

తలుపు వేసి ఉంటే అక్కడితో సరిపోయేది. కానీ ఆ తలుపు దగ్గర నిలబడేది లూద్వా. రొప్పుకుంటూ వచ్చే ఆ వంగిన వీపుని ఇరవై ఒక్క ఏళ్ళు చూసినవాడు. చొక్కా రంగు చూశాడో లేదో, చెయ్యి దానంతటదే గడియ తీసింది. రదొవన్ లోపలికి అడుగుపెట్టి, బెంచీ చివర తన పాత చోటులో కూర్చున్నాడు. లూద్వా నీళ్ళ సీసా అందించాడు.

"ఊపిరి తీసుకో షిందా, ఊపిరి తీసుకో" అన్నాడు, ఎప్పటిలాగే.

నీళ్ళు తాగాడు. గోడకి అదే గీత, కాలి కింద అదే రబ్బరు చాప. అబ్బ, ఎంత హాయిగా ఉందో! రొమ్ములో మంట ఎటుపోయిందో తెలియలేదు. ఏడాదిగా పళ్ళు బిగబట్టి ఎక్కడెక్కడో తిరిగిన మనిషి తన చోట తాను కూర్చున్నాడు. పది సెకన్లు ఉంటుందేమో, అంతే.

తర్వాత పక్కకి చూశాడు. ఎర్ర చొక్కాల కుర్రాళ్ళు ఇద్దరు, మొహాలు కూడా ఎరగనివాళ్ళు, అతనికి చోటిస్తూ జరిగి కూర్చున్నారు. వెక్కిరించలేదు. ట్రాములో పెద్దాయన ఎక్కితే జరుగుతారే, అలా మర్యాదగా జరిగారు. ఆ మర్యాద కత్తిలా దిగింది. తన చేతిని చూసుకున్నాడు. ఆకుపచ్చ.

అంతలో రింకు పగిలిపోయేలా అరుపు. బ్రజినా వాళ్ళు ఒక మనిషి తక్కువతో ఆడుతున్నారు మరి, ఆ సందులోంచి తెర్లొవ్ వాళ్ళు గోలు కొట్టేశారు. అరుపు సద్దుమణిగాక జనానికి సంగతి అర్థమైంది, అప్పుడు మొదలైంది నవ్వు. డప్పులవాడు డప్పు మీద తల వాల్చి నవ్వుతున్నాడు. అవతల బ్రజినా బెంచీ మీద మతౌష్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నా వల్లేరా, నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు లూద్వా.

"నీదేం లేదులే లూద్వా" అని లేచి, రదొవన్ తలుపు తీసుకుని బయటికి పోయాడు. పదిహేను అడుగులు జారి అవతలి బెంచీ చేరడానికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టినట్టయింది.

తల అద్దానికి తగిలిన ఆటగాడు ఇలాంటి పని చేస్తే డాక్టరు చూడకుండా వదలరు. విరామంలో గ్యాలరీ కింది చిన్న గదికి తీసుకెళ్ళారు. డాక్టర్ మిలుషెది తెర్లొవ్ ఊరే, అతని కనుబొమ్మలకి ఐదుసార్లు కుట్లు వేసింది. దలిబోర్ కూడా లోపలికొచ్చి తలుపు వేశాడు.

"విను అన్నా. మనవాళ్ళు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు ఈ ఆట నేర్పిన మనిషిని చూసి నవ్వుతారా? ఆ గోలు సంగతి మర్చిపో. జాబితాలో ఆ పేరు నీదే, మాటిస్తున్నా. ఈవిడ అడిగేవి చెప్పేసి పైకి రా."

"అంత తేలిక కాదు" అంది మిలుషె. "ఒక్కటి తప్పు చెప్పినా తల దెబ్బ అని రాయాలి. రెండు వారాలు మంచు ఎక్కనివ్వరు."

"అలా రాస్తే రేపు నేనేం చేయలేను" అన్నాడు దలిబోర్. "చెప్పేస్తాడులెండి. తెలిసినవేగా."

ఆమె అతని కళ్ళలోకి లైటు వేసి చూసింది. "ఇవాళ ఏం వారం నాయనా?"

"శనివారం."

"ఇది ఏ ఊరు?"

"తెర్లొవ్."

"ఏ జట్టుకి ఆడుతున్నావు?"

తల తేటగా ఉంది. అంత తేటగా ఈ ఏడాదిలో ఎప్పుడూ లేదు. బ్రజినా అంటే చాలు. అలా అంటే ఏప్రిల్ దాకా గది ఉంటుంది, పొద్దున తొమ్మిదింటికి వెళ్ళడానికి చోటు ఉంటుంది, తాతా వస్తావా అనేవాళ్ళు ఉంటారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆట కోసం ఆడుతున్నానని అనుకున్నాడు. కాదు. ఆ చివరి చోటు కోసం ఆడాడు. అది బ్రజినాలో దొరకదు, ఇక్కడ ఇంకెవరిదో అయిపోయింది. ఎంతకాలమని చెప్తాడు ఆ అబద్ధం?

"తెర్లొవ్‌కి" అన్నాడు.

ఆమె కలం ఆగింది. "తొందరేం లేదు. మళ్ళీ అడుగుతా."

"వద్దు డాక్టరమ్మా. రాసేయండి."

"అన్నా!" దలిబోర్ దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "ఏంటిది? నాతో ఆటలాడుతున్నావా? నీకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలుస్తోంది."

రదొవన్ అతని కళ్ళలోకి సూటిగా చూశాడు. దాచుకోవడానికి ఏమీ లేదు. దలిబోర్ చాలాసేపు చూసి, గడ్డం వదిలేసి, చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. పైన బెల్లు మోగింది. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. మిలుషె కాగితం మీద సంతకం పెట్టి, అతని భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి, తనూ వెళ్ళింది.

రదొవన్ ఒక్కడే నడుచుకుంటూ ఖాళీగా ఉన్న బ్రజినా వాళ్ళ గదికి వచ్చాడు. కుర్రాళ్ళ బూట్లు, ప్యాంట్లు, సగం తిన్న అరటిపండ్లు చుట్టూ పడి ఉన్నాయి. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. స్కేటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. నెత్తిమీద గ్యాలరీ దడదడలాడుతోంది. అంతలో కప్పు లేచిపోయేంత అరుపు వినిపించింది. ఆ అరుపుని బట్టి గోలు కొట్టింది తెర్లొవ్ వాళ్ళేనని తెలిసిపోయింది. రదొవన్ చెయ్యి దానంతటదే పిడికిలి బిగించి పైకి లేచింది. గదిలో చూసేవాళ్ళెవరూ లేరు. చెయ్యి కాసేపు అలాగే ఉంచి, నెమ్మదిగా దించి, రెండో స్కేటు విప్పుకున్నాడు.