విధవల మడి

హేమంతము నడిమికి వచ్చి మంచుపొరలు కాలువగట్టులపై దూదిపింజలవలె వ్రాలి వరికుప్పల కొనలను మాత్రము విడిచి తక్కిన లోకమంతయు మ్రింగివేసిన యొకానొక యాదివారపు ప్రాతఃకాలమున కొండ్రుమూడి క్రైస్తవుల ప్రార్థనాలయ ప్రాంగణమందు సంఘపెద్దయగు జెరుబ్బాబెలు చేతనున్న యిత్తడి కుంచమును చూచి ఓబద్య గుండె కుమ్మరి ఆవమువలె లోలోన రాజుచుండెను. ఆ కుంచము గింజ తక్కువ కొలువదు. ఎక్కువయు కొలువదు. జెరుబ్బాబెలు పిడికెడు వడ్లు తన యింటికి మోసికొనిపోయినవాడు కాడని శత్రువులు సైతము సాక్ష్యమిత్తురు. దొంగయే యైనచో ఓబద్య యేనాడో వాని యుత్తరీయము పట్టుకొని నలుగురిలో నిలదీసియుండును. నీతిమంతుని మీది పగకు మందు లేదు.

కోతపండుగనాడు విధవల మడి ధాన్యమును ప్రాంగణమున రాశిపోసి విధవలను పేరుపేరున పిలిచి కొలిచి యిచ్చుట యా సంఘమున నేటేట జరుగు నాచారము. ఆ మడి ఓబద్య తండ్రియగు యోవేలు దానము చేసినది. మగడు పోయిన వెనుక వాకిలి వాకిలి తిరిగి తుదకు పరాయివారి చావడిలో కన్నుమూసిన తన తల్లిని తలచుకొని యే విధవయు గంజికై చేయి చాపరాదని తనకున్న యొక్క మాగాణిని సంఘమునకు వ్రాసియిచ్చి తాను కూలికిపోయి నాలుగవ తరగతి చదువుచున్న కొడుకును బడి మాన్పించి గేదెల వెంట తోలిన మహాదాత యాతడు. ఆ దాత గతించిన యేడు ఆతని యిల్లాలు కెజియమ్మ కొంగు పట్టి రాశి యెదుట నిలువగా జెరుబ్బాబెలు కుంచము దించి గ్రంథము తెరచెను. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడగు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో అరువదియేండ్లు దాటి యొక్క పురుషునికే భార్యయై యుండిన విధవను మాత్రమే లెక్కలో చేర్చుమని యున్నది. కెజియమ్మ పదునేడవ యేట తొలిమగనిని కలరాకు అప్పగించి పిదప యోవేలు చేయి పట్టినది. కావున మడి నిచ్చినవాని యాలికి మడిగింజ చెల్లదయ్యెను. ఆమె కొంగు దులుపుకొని యింటికి పోయెను. నాటినుండి ఓబద్యకు లోకమున నిద్దరే పగవారు. ఒకడు జెరుబ్బాబెలు. రెండవవాడు పౌలు.

ఇట్లుండ నా యేట పట్టణమున వేదాంతపాఠశాల ముగించి దైవసహాయమను యువగురువు సంఘమునకు వచ్చెను. ఆతడొక బుధవారము సాయంకాలపు పాఠమున నేమరుపాటున ననెనో యెఱిగియే యనెనో కాని తిమోతి పత్రికలు పౌలు చేతివి కావని తలచు పండితులు పెక్కురు కలరనెను. పాఠము ముగియగనే ఓబద్య వాకిలికడ నాతని నాపెను.

"అయ్యగారూ, ఇందాకటి మాట మళ్ళొక్కసారి చెప్పండి. ఆ పత్రిక పౌలు రాయలేదా?"

"రాయలేదనే చాలామంది అంటారు ఓబద్యగారూ. మాటల తీరు వేరు. పెద్దలూ, పరిచారకులూ, విధవల లెక్కలూ, ఇంత ఏర్పాటు ఆయన నాటికి సంఘాల్లో ఉండి ఉండదు. ఆయన పోయిన ముప్పై నలభై ఏళ్ళకి శిష్యుల్లో ఎవరో గురువు పేరు పెట్టి రాసి ఉంటారు. ఆ రోజుల్లో అది మోసం కింద లెక్కకాదు."

"మోసమో కాదో మా అమ్మనడగండి" అని ఓబద్య నవ్వెను. ఎన్నియేండ్లకో నవ్విన నవ్వది. కూడబలుకుకొనుచు నక్షరమక్షరము వ్రేలితో తడవి యా పత్రిక నాతడు వారము దినములు చదివెను. చదివినకొలది వ్రాసినవాడు పౌలు కాడనియే తోచెను. కోర్కె చదివించు చదువు అట్లే యుండును.

పండుగనాడు పేళ్లు పిలుచుట ముగియనిచ్చి ఓబద్య లేచెను.

"పెద్దయ్యా, మా అమ్మ పేరు మరిచావు."

"మరవలేదురా అబ్బాయ్. ప్రతి ఏడూ గుర్తు చేస్తానే ఉంటావుగా."

"ఈ ఏడు నేను కాదు, అయ్యగారు చెప్తారు. ఆ మాట పౌలుది కాదంట. ఎవరో ఆయన పేరు పెట్టి రాశారంట."

ప్రాంగణమంతయు తేనెతుట్టె కదిలినట్లు గుజగుజలాడెను. దైవసహాయము తల వంచుకొని తాను చెప్పినది నిజమేయని యొప్పుకొనెను. జెరుబ్బాబెలు తొణకలేదు.

"మొన్న నువ్వు తాసీల్దారుకు పెట్టుకున్న అర్జీ ఎవరు రాశార్రా?"

"గుమస్తా."

"అర్జీ నీదా, గుమస్తాదా?"

"నాదే. నే చెప్తుంటే ఆయన రాశాడు. కింద నేనే వేలిముద్ర ఏశా. చచ్చి ముప్పై ఏళ్ళయినోడు లేచొచ్చి వేలిముద్ర ఏశాడా పెద్దయ్యా?"

స్త్రీలు సైతము కొంగులడ్డుపెట్టుకొని నవ్విరి. ఓబద్యకు తన బ్రతుకున గెలుపు రుచి యిట్టిదియని యప్పుడు తెలిసెను. జెరుబ్బాబెలు మాత్రము నవ్వులణగువఱకు నోర్చి గురువు వంక తిరిగెను.

"సరే. మొదటి పత్రిక కొట్టేద్దాం. మరి రెండోది, అయ్యగారూ? నా పరుగు అయిపోయింది, విశ్వాసం పోగొట్టుకోలేదు అని పౌలు చావుకు ముందు చెప్పిన మాట? ఈ ఊళ్ళో ఏ శవం ముందు అది చదవకుండా మట్టి వేశాం? అదన్నా ఆయనదేనా?"

ఓబద్య ముఖము కళ తప్పెను. ఆ యాలోచన వానికి రానేలేదు. దైవసహాయము నొద్దకు నాలుగడుగులు వేసి యాతని చెవిలో "అది పౌలుదే అని చెప్పండయ్యా, మీ పున్నెం ఉంటది" అని బ్రతిమాలెను. అబద్ధమాడుట చేతకాని వారి నోట నిజము గూడ నొకప్పుడు గొంతులోని ముల్లువలె నిలుచును.

"రెండోది ఆయనదే అనేవాళ్ళు కొందరున్నారు. నన్నడిగితే మాత్రం... రెండూ ఒకే చెయ్యి."

అప్పుడు స్త్రీల చాపలకడ నుండి కెజియమ్మ చేతికఱ్ఱ యూనుకొని లేచెను. ఇద్దరు భర్తలను ముగ్గురు బిడ్డలను సాగనంపిన యైదుమారులును ఆ మాటయే వినుచు సమాధి గట్టుపై నిలువగలిగిన స్త్రీ యామె.

"అయ్యగారూ, ఆ మాట అన్నాయన నిజంగా చావు ఎదురుగా పెట్టుకునే అన్నాడా? లేకపోతే ఆయన పోయినాక ఇంకోళ్ళెవరో ఇంట్లో కూర్చుని రాశారా?"

"తెలియదమ్మా."

"తెలవనిది కొట్టెయ్యొద్దు" అని యామె జెరుబ్బాబెలు వైపు తిరిగెను. "తమ్ముడూ, ఇన్నేళ్ళూ నీ వడ్లు లేకపోతే నేను చావలా. ఆ కుంచం నువ్వే ఉంచుకో. నా మీద మట్టి వేసే రోజు ఆ మాట మటుకు నాకు కొలిచి పొయ్యి."

"అమ్మా, నీ కోసమే గదే..." అని ఓబద్య నోరు తెరచెను.

"నా కోసమైతే కూర్చో నాయనా."

ఆతడు కూర్చుండెను. గెలిచిన వ్యాజ్యమును తల్లియే యోడించినయెడల నప్పీలు ఎచ్చట చేసికొనవలెను? రెండవదానితో పాటు మొదటి పత్రికయు నిలిచెను. దానితో నియమము నిలిచెను. మడియు సంఘమునకే నిలిచెను.

మాఘము వెళ్లకమునుపే కెజియమ్మ కాలగతి నొందెను. వరి కోసిన విధవల మడిలో చల్లిన మినుము కాయ పట్టి మంచుతడికి నల్లపచ్చగా నిగనిగలాడుచుండ దాని గట్టునానుకొనియున్న సమాధిభూమిలో నామె పెట్టెను దించిరి. జెరుబ్బాబెలు గ్రంథము తెరచి "తిమోతికి రెండవ పత్రిక" యని యారంభించెను. ముప్పది యేండ్లుగా నాతని నోట పత్రిక పేరునకు ముందు అపొస్తలుడైన పౌలు పేరు పలుకక యుండినది లేదు. నాడు పలుకలేదు. కన్నులెత్తి ఓబద్యను చూచి మరల దించుకొనెను. సందేహము పగవాని యింట కూడ కాపురము పెట్టినదని ఓబద్య గ్రహించెను. ఇన్నాళ్లు దేనికై కాచియుండెనో యా ఘడియ యదియే. కాని వాని కందు రవంత తీపియు లేకపోయెను. మట్టిపిడికిలి వదలకయే యాతడు పలికెను.

"పేరు చెప్పు పెద్దయ్యా. మా అమ్మ వింటంది."

జెరుబ్బాబెలు "అపొస్తలుడైన పౌలు" అనెను. పిమ్మట నా మాటలను తుదకంట చదివెను. ఓబద్య తలయూచి మన్ను విడిచెను. గట్టున కావల మినుపచేను గాలికి మెల్లగ కదలుచుండెను. తండ్రి వ్రాసియిచ్చినదియు తల్లి గింజయైన నెఱుగనిదియు పౌలు పేరు పలికించి యాతడు రెండవమారు తన నోటితోడనే పోగొట్టుకొన్నదియు నగు నా మాగాణి ఎకరము పండ్రెండు సెంట్లు.